లియోన్‌ను పట్టుకురమ్మన్న రోజు

అధ్యక్షులకు, గ్రంథాలయ సిబ్బందికి, పుస్తకాలు మూసేసి వచ్చి కూర్చున్న పిల్లలందరికీ నమస్కారం. సన్మానాలతోనే గంట గడిచింది కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

మంచి జీవితం గురించి ప్రాచీన గ్రీకులు ఏమనుకున్నారో చెప్పమన్నారు. సోక్రటీస్‌తో మొదలుపెట్టి, తర్వాతి కాలపు తత్వవేత్తలైన స్టోయిక్కుల దాకా వరసగా చెబుదామనే వచ్చాను. కానీ మీలో చాలామంది ఇక్కడ సివిల్స్‌కి చదువుతున్నారు. 2013 నుంచి మెయిన్స్‌లో ఎథిక్స్ పేపరుంది, 250 మార్కులు. అరిస్టాటిల్ నిర్వచనాలు మీకు కంఠతా వచ్చే ఉంటాయి. అందుకే వాటిని పక్కన పెట్టి ఒక్క సంగతి చెబుతాను.

సోక్రటీస్ అనగానే అందరూ విషం తాగిన కథే ఎత్తుకుంటారు. క్రీ.పూ. 399, డెబ్బై ఏళ్ల పెద్దాయన, జైలు. గొప్ప కథే, కాదనను. అంతకు ఐదేళ్ల ముందు జరిగిన దాన్ని మాత్రం ఎవరూ చెప్పరు. అదే నా బాధ.

పోటీ నగరం స్పార్టా చేతిలో సోక్రటీస్ ఊరు ఏథెన్స్ ఓడిపోయింది. ముప్పై మంది నియంతలు అధికారంలోకి వచ్చారు. కొన్ని నెలల్లోనే 1,500 మందికి తక్కువ కాకుండా చంపించారని ప్రాచీనులు రాశారు. ఒకరోజు సోక్రటీస్‌ను, మరో నలుగురిని థోలోస్ అనే గుండ్రటి ప్రభుత్వ భవనానికి పిలిపించారు. సలామిస్ ద్వీపానికి వెళ్లి లియోన్ అనే ఆయన్ని పట్టుకురండి, చంపాలి అన్నారు. వాళ్లకు మనుషులు కరువై కాదు, తమ పాపంలో వీలైనంత మందిని ఇరికించాలని. ఇది ఐదేళ్ల తర్వాత తన విచారణలో సోక్రటీస్ కోర్టులో చెప్పిన మాటే.

ఐదుగురూ బయటికి వచ్చారు. నలుగురు సలామిస్ దారి పట్టారు. సోక్రటీస్ ఇంటికి వెళ్లిపోయాడు.

ఆలోచించండి పిల్లలూ! ఉపన్యాసం లేదు, నినాదం లేదు. ఇంటికి వెళ్లిపోయాడు. ఆ ప్రభుత్వం త్వరలోనే కూలిపోకపోతే ఆయన ప్రాణం పోయేదే. లియోన్‌ను మాత్రం ఆ నలుగురూ తెచ్చారు, చంపేశారు. మరి లియోన్‌ను హెచ్చరించవచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. నేనూ దాన్ని కొట్టిపారేయలేను. కానీ ముందు ఆ నలుగురి సంగతి చూడండి. ఈ కథ రాసిన సోక్రటీస్ శిష్యుడు ప్లేటో వాళ్ల పేర్లు రాయలేదు. వాళ్లు రాక్షసులేమీ కాకపోవచ్చు, పైనుంచి ఆర్డర్ వచ్చింది, వెళ్లారు.

రేపు మీలో ఎవరో ఒకరు కుర్చీలో కూర్చుంటారు. ఫైల్ వస్తుంది, ఫోన్ వస్తుంది. అప్పుడు గుర్తుకొచ్చేది నిర్వచనం కాదు. వీణలాంటి లైర్ అనే వాద్యం వాయించి వాయించే వాద్యకారుడవుతాడు, న్యాయమైన పనులు చేసి చేసే న్యాయవంతుడవుతాడు అన్నాడు అరిస్టాటిల్. అంటే అభ్యాసం. సోక్రటీస్‌కు ఆ అభ్యాసం ముందే ఉంది. క్రీ.పూ. 406లో, సముద్ర యుద్ధం తర్వాత తమవాళ్లను కాపాడలేదని సేనాపతులందర్నీ కలిపి ఒకే ఓటుతో శిక్షించాలని ఏథెన్స్ పౌరుల సభ ఊగిపోయినప్పుడు, సభ నడిపే వాళ్లలో అది చట్టవిరుద్ధమని అడ్డం తిరిగింది తానొక్కడినేనని ఆయనే చెప్పాడు. వాళ్లలో ఆరుగుర్ని చంపేశారు, తర్వాత ఏథెన్స్ వాళ్లే పశ్చాత్తాపపడ్డారు. గుంపు అరిచినా, నియంతలు ఆజ్ఞాపించినా ఆయన ఒకేలా ఉన్నాడు.

స్టోయిక్కుల గురించి చెప్పడానికి టైమ్ లేదు, అధ్యక్షులు మన్నించాలి. గ్రంథాలయ కార్యదర్శిగారికి ఒక్క విన్నపం. సోక్రటీస్ కోర్టులో చెప్పుకున్న మాటలతో ప్లేటో రాసిన 'అపాలజీ' చిన్న పుస్తకం, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. గైడ్లు పెట్టే రీడింగ్ రూమ్ బల్ల మీదే దాన్నీ రెండు కాపీలు పెట్టించండి. బీరువాలో పెట్టి తాళం మాత్రం వేయకండి.