గోడ కింద తవ్వి చూశారు: గెర్‌ట్రూడ్ కేటన్-థాంప్సన్

హోస్ట్: అక్కా, తవ్వకాల్లో తొలితరం ఆడవాళ్లు అనగానే మీరు గెర్‌ట్రూడ్ కేటన్-థాంప్సన్ పేరే చెప్పారు. ఈజిప్టులో పనిచేసిన ఆవిడే కదా?

అతిథి: ఆవిడే. భూగర్భ శాస్త్రవేత్త ఎలినార్ గార్డ్‌నర్‌తో కలిసి ఫయూమ్‌లో తొలి రైతుల ధాన్యపు పాతర్లు బయటపెట్టారు. కానీ ఇవాళ నేను 1929 గురించే చెప్తాను. ఆఫ్రికా దక్షిణాన ఉన్న పాత రాతి నగరపు శిథిలాలు, గ్రేట్ జింబాబ్వే.

హోస్ట్: ఆ రాతి గోడలు!

అతిథి: సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి, ముప్పై అడుగులు దాటేలా లేపారు. అప్పుడది బ్రిటిష్ వాళ్ల కింద దక్షిణ రొడీషియా. ఇంత పని ఆఫ్రికా వాళ్ల వల్ల కాదు, లెబనాన్ తీరపు ప్రాచీన వ్యాపారులు ఫినీషియన్లో, బైబిల్లో కనిపించే షేబా రాణి మనుషులో కట్టి ఉంటారని తెల్లవాళ్లు నమ్మారు. 1871లో వెళ్లిన జర్మన్ అన్వేషకుడు కార్ల్ మౌక్ అక్కడి చెక్కముక్క తన పెన్సిల్ వాసనే వస్తోందని, కాబట్టి అది లెబనాన్ దేవదారేనని తేల్చేశాడు.

హోస్ట్: వాసన బట్టి చరిత్రా!

అతిథి: ఇక్కడివాళ్లకు గొప్ప గతమే లేదంటే నేల లాక్కోవడం తేలిక కదా. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. పైగా క్యూరేటర్‌గా వచ్చిన రిచర్డ్ హాల్ శుభ్రం చేస్తున్నానంటూ మట్టి పొరలు తవ్వి పారబోయించాడు. పొర పోయిందంటే కాలం చెప్పే సాక్ష్యం పోయినట్టే.

హోస్ట్: మరి ఆవిడకి ఏం మిగిలింది?

అతిథి: అక్కడే పెద్దగా ఎవరూ కెలకని మాండ్ శిథిలాలనే భాగాన్ని ఎంచుకున్నారు. పెద్ద గుండ్రటి బురుజు కిందికి సొరంగం కూడా తవ్వించారు. లెక్క సింపుల్. గోడ కింద, చెదరని గచ్చు కింద చిక్కిన వస్తువు ఆ గోడ, ఆ గచ్చు కంటే ముందే అక్కడ పడి ఉండాలి. తవ్వకాల్లో దొరికినవి స్థానిక కుండపెంకులు, ఇనుప వస్తువులు, సముద్ర వ్యాపారంలో వచ్చిన గాజు పూసలు. ఫినీషియన్లదని చెప్పదగ్గ ముక్క ఒక్కటీ లేదు. మధ్యయుగంలో ఆఫ్రికన్లే కట్టుకున్నారని తేల్చారు. 1905లో పురావస్తు శాస్త్రవేత్త రాండల్-మెకైవర్ కూడా అదే అన్నాడు, వలసదారులు చెవిన పెట్టలేదు.

హోస్ట్: ఈసారైనా ఒప్పుకున్నారా?

అతిథి: ఎక్కడ! అదే ఏడాది దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ అసోసియేషన్ అనే శాస్త్రవేత్తల సంఘం సభలో చెప్తే, రేమండ్ డార్ట్ అంతటి శాస్త్రవేత్త మండిపడ్డాడు. ఆవిడ మాత్రం వెనక్కి తగ్గలేదు. 1980లో దేశమే జింబాబ్వే అని పేరు పెట్టుకుంది. అప్పటికి ఆవిడకు 92 ఏళ్లు, ఆ రోజు చూశారు.

హోస్ట్: బృందంలో అందరూ ఆడవాళ్లేనట?

అతిథి: ఆవిడతో డొరొతీ నోరీ, కాథ్లీన్ కెన్యన్. ఫొటోలు తీసిన కెన్యన్‌కి అప్పుడు 23 ఏళ్లు. 1950లలో పాలస్తీనాలోని ప్రాచీన పట్టణం జెరికోను తవ్వింది ఆ అమ్మాయే. దానికి ఇంకో ఎపిసోడ్ కావాలి తమ్ముడూ.