డాప్సోన్ మాత్ర, జొన్న రొట్టె, బొంబాయి బస్సు

[దృశ్యం: మంచం మీద తెరిచిన చేతిసంచి. పక్కన మాత్రల స్ట్రిప్, స్టీలు డబ్బా, గుడ్డలో చుట్టిన జొన్న రొట్టెలు.]

నమస్తే అండీ. రేపు సాయంత్రం పాలమూరులో బొంబాయి బస్సు ఎక్కుతున్నాను. చిన్నమ్మ కూతురి పెండ్లి, నాలుగు రోజులు అక్కడే. నాకు గోధుమ పడదు, తింటే ఒళ్ళంతా దురద. ఇదే ఇబ్బందితో ఊరు దాటాలంటే భయపడేవాళ్ళు ఉంటారు కదా, అందుకే సంచి మీ ముందే సర్దుతున్నాను.

[దృశ్యం: మోచేతి దగ్గరగా. మానిన మచ్చలు.]

ఈ జబ్బు పేరు డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్. 1884లో లూయిస్ డూరింగ్ అనే అమెరికా డాక్టరు దీన్ని వర్ణించాడు. పేరులో హెర్పెస్ వినపడుతుంది గానీ ఇది వైరస్ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. గోధుమలో, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ కడుపులోకి వెళ్తే మన రోగనిరోధక శక్తి తయారుచేసే ఐజీఏ అనే యాంటీబాడీలు చర్మంలో పేరుకుంటాయి. ముందు మంట, తర్వాత చిన్న చిన్న నీటి పొక్కులు. మోచేతులు, మోకాళ్ళు, పిరుదులు, తల వెనక, చాలామందికి రెండు వైపులా ఒకేలా వస్తాయి. పొక్కు కంటపడేలోపే గోకి చిదిపేస్తాం, డాక్టరుకు చూపిద్దామంటే పుండ్లే మిగులుతాయి.

మా ఇంట్లో అందరూ గజ్జి అనుకున్నారు. ఒక మందుల షాపులో అడిగితే ట్యూబు ఇచ్చారు, అందులో స్టెరాయిడ్ ఉందని తర్వాత తెలిసింది. దయచేసి మీరు అలా చేయకండి. చర్మ డాక్టరు పొక్కు పక్కన బాగున్న చోట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు, రక్త పరీక్ష కూడా ఉంటుంది. ఆ పరీక్షలు అయ్యేదాకా గోధుమ మానొద్దు. మానేస్తే ఫలితం తప్పు రావచ్చు.

[దృశ్యం: చేతిలో మాత్రల స్ట్రిప్.]

ఇది డాప్సోన్. "అది కుష్ఠు మందు కదా?" అని మా మేనత్త గుండె పట్టుకుంది. నిజమే, ఆ జబ్బుకూ ఇస్తారు, కానీ నాకిచ్చింది దద్దుర్లకు. ఒకటి నుంచి మూడు రోజుల్లో దురద దిగిపోతుంది. ఎన్నో రాత్రుల తర్వాత మొదటిసారి తెల్లవారేదాకా పడుకున్నాను. ఆ నిద్ర గుర్తొస్తే ఇప్పటికీ కళ్ళు చెమ్మగిల్లుతాయి.

కానీ ఈ మాత్ర దురదనే ఆపుతుంది. గ్లూటెన్ పేగుకు చేసే నష్టాన్ని ఆపదు. కడుపునొప్పి లేకపోయినా లోపల నష్టం జరుగుతూ ఉండొచ్చు. మాత్ర వేసుకున్నాం కదా అని పూరీ తినకూడదు.

ప్రయాణానికి ముందు ఒక జాగ్రత్త: ఈ మందు కొత్తగా మొదలుపెట్టి వెంటనే దూరం వెళ్ళకండి. మొదలుపెట్టే ముందే జీ6పీడీ పరీక్ష చేయించాలి. జీ6పీడీ అంటే ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్. అది తక్కువ ఉన్నవాళ్ళలో ఎర్ర రక్తకణాలు ఎక్కువగా పగిలిపోతాయి. తెల్ల రక్తకణాలు పడిపోవడం, జ్వరంతో ఒళ్ళంతా దద్దుర్లు రావడం లాంటి పెద్ద ఇబ్బందులు ఎక్కువగా మొదటి వారాల్లో, నెలల్లోనే వస్తాయి. ఆ రోజుల్లో రక్త పరీక్షలు తరచుగా చేయించాలి. నా డాక్టరును అడిగి, పరీక్షలు బాగున్నాయన్నాకే టికెట్ తీసుకున్నాను.

దారిలో జ్వరంతో గొంతునొప్పి వచ్చినా, పెదవులు నీలంగా మారినా, ఆయాసం వచ్చినా, మూత్రం ముదురు రంగులో పోయినా తర్వాతి మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. వెళ్ళగానే "నేను డాప్సోన్ వాడుతున్నా" అని చెప్పాలి, ఎందుకంటే ఈ మందు వల్ల వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్‌లో అంకె తక్కువ చూపించవచ్చు. ఆ మాట ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకున్నాను.

[దృశ్యం: స్ట్రిప్‌ను చేతిసంచి జేబులో పెట్టడం.]

మాత్రలు చేతిసంచిలోనే. పోయినసారి పెద్ద బ్యాగులో పెట్టి డిక్కీలో వేశాను. ఎవరో తమ బ్యాగనుకుని పూణెలో దింపుకున్నారు. రెండో రోజు రాత్రికల్లా మోచేతులు మండడం మొదలైంది. ఈ మందు అన్ని షాపుల్లో ఉండదు, ఆ పూట మూడు షాపులు తిరిగాను. ఇప్పుడు నాలుగు రోజులకు సరిపడా, పైన ఇంకో వారానికి, డాక్టరు రాసిచ్చిన మందుల చీటీతో సహా పెట్టుకుంటున్నాను. ఒక పూట మరిచిపోతే తర్వాత రెండు కలిపి వేసుకోకూడదు. పెండ్లి ఇంట్లో పిల్లలుంటారు, వాళ్ళకు అందని చోట దాచాలి. పొరపాటున మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

[దృశ్యం: రొట్టెల మూట విప్పడం.]

ఇక తిండి. మనకు జొన్న రొట్టె ఉంది, సర్వపిండి ఉంది, సకినాలు ఉన్నాయి. గోధుమ లేకుండా బతకడానికి పాలమూరు కన్నా మంచి చోటు ఏది? అయితే ఊరి గిర్నిలో గోధుమలు పట్టిన రాళ్ళ మీదే జొన్నలు పోస్తారు. మొదట్లో నాకిది తట్టలేదు, రొట్టెలే తింటున్నా దురద ఎందుకు తగ్గట్లేదని ఏడ్చాను. ఇప్పుడు జొన్నలు ఇంట్లో మిక్సీలో పట్టుకుంటున్నాం.

హోటల్లో చపాతీ, ఉప్మా మానడం తేలికే. కనపడనివే కష్టం. చాలా ఇంగువ డబ్బాల్లో గోధుమపిండి కలుస్తుంది, అందుకే ఆగిన ప్రతిచోటా అడుగుతాను: "అన్నా, సాంబార్ల ఇంగువ ఏసిండ్రా?" మిర్చి బజ్జీ శనగపిండిదే, కానీ అదే నూనెలో మైసూర్ బోండా కాలుతుంది. ఎండకు చలువని ఇచ్చే బార్లీ నీళ్ళు కూడా వద్దు. సోలాపూర్ దగ్గర ఆగితే జొన్న రొట్టె దొరుకుతుంది, అక్కడ భాకరీ అంటారు. గోధుమపిండి చల్లకుండా చేస్తారా అని అడిగి తీసుకోండి.

[దృశ్యం: ఫోన్ చెవి దగ్గర.]

"చిన్నమ్మా, రేపు బయలుదేరుతున్నా. నాకోసం పెనం ఒకటి వేరేగా కడిగి పెట్టవా?"

"పెట్టిన బిడ్డా. పోయినసారి పూరీ తినలేదని నీ మీద అలిగిన, యాదికుందా? ఈసారి నీకు జొన్నలు నేనే పడ్తా."