నౌకలో ప్రేమకు హోదా అడ్డు

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో నిలబడి నావికాదళం గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అందుకని మన తూర్పు నావికాదళం జోలికి పోకుండా, అమెరికా నౌకాదళంలో ఉన్న ఒక నిబంధనతో మొదలుపెడతాను.

అక్కడ కమిషన్డ్ అధికారికీ, అంటే ఆజ్ఞలిచ్చే హోదావారికీ, మామూలు సెయిలర్‌కూ మధ్య ప్రేమ నిషిద్ధం. ఇద్దరూ వేర్వేరు నౌకల్లో ఉన్నా అంతే. సెయిలర్లలోనూ పెద్ద హోదా అయిన చీఫ్ పెట్టీ ఆఫీసర్ స్థాయివారు తమ యూనిట్‌లోని కింది హోదావారితో సంబంధం పెట్టుకోకూడదు. ఇద్దరికీ ఇష్టమేనన్న వాదన చెల్లదు. అధికారి, సెయిలర్ కలిసి జూదమాడినా, అప్పులు ఇచ్చిపుచ్చుకున్నా, వ్యాపారంలో భాగస్వాములైనా తగిలేది ఈ నిబంధనే. ప్రేమను అప్పు పక్కన కూర్చోబెట్టిన ఆ చట్టకర్త అనుభవజ్ఞుడే అయివుంటాడు.

మనకు మింగుడుపడని సంగతి మరొకటుంది. మన పెద్దమనుషుల పంచాయితీలో ఇలాంటి తగవు ఎలా తేలుతుంది? ‘పెళ్ళి చేసేయండి, గొడవ వదిలిపోతుంది’ అంటారు. అక్కడ వదలదు. తర్వాత పెళ్ళి చేసుకున్నంత మాత్రాన ముందు చేసిన తప్పు మాఫీ కాదని నిబంధనలోనే రాసి పెట్టారు. అదే ఇద్దరు సెయిలర్లు ముందే పెళ్ళాడి, తర్వాత వారిలో ఒకరు అధికారి అయితే ఇబ్బంది లేదు.

ఇంత కాఠిన్యం ఎందుకు? ఆఫీసులో ప్రేమ వ్యవహారం సాయంత్రానికి ఇంటికి పోతుంది. నౌకకు సాయంత్రం లేదు. నెలల తరబడి పని, తిండి, నిద్ర అన్నీ అక్కడే. అధికారులు తినే గది వేరు, చీఫ్‌లది వేరు, మిగతావారిది వేరు. రాత్రి కాపలా ఎవరికి వేయాలి, రేవు చేరినప్పుడు ఎవరిని ఒడ్డుకు వదలాలి, ఎవరి పనితీరు గురించి ఏం రాయాలి అన్నవన్నీ పైవారి చేతిలో ఉంటాయి. ఇవి చిన్నవి. నౌకలో మంట లేచినప్పుడు లోపలికి ఎవరిని పంపాలో చెప్పేదీ, నీరు చొరబడినప్పుడు ఏ తలుపు బిగించాలో చెప్పేదీ వారే. ఆ తలుపు అవతల తన మనిషి ఉంటే? అధికారి గట్టిగానే నిలబడవచ్చు. కానీ మిగతా సిబ్బందికి ఆ నమ్మకం ఎక్కడిది? నిషేధానికి అసలు కారణం ఈ అనుమానమేనని నా అభిప్రాయం.

అమెరికా సైనిక న్యాయస్థానంలో ఇలాంటి సంబంధం పెట్టుకున్నారనే అభియోగం మోపేది అధికారి మీదే. ఉద్యోగం ఊడటంతో పాటు గరిష్ఠంగా రెండేళ్ళ జైలు పడవచ్చు. సెయిలర్ మీద మాత్రం ఆజ్ఞ ధిక్కరించినందుకు చర్య తీసుకోవచ్చు. నా అభ్యంతరం ఇక్కడే. పైవాడి ఒత్తిడికి లొంగిన అమ్మాయి నోరు విప్పితే తానూ దోషిగా నిలబడాల్సి వస్తుందేమోనని భయపడుతుంది. కిందివారిని కాపాడటానికి పెట్టిన గీత వారి నోరే నొక్కేయవచ్చు.

బ్రిటిష్ నౌకాదళంలో ఇంకా సూటిగా, నౌకలో ఒకరినొకరు తాకవద్దనే నియమం ఉంది. 2014లో హెచ్ఎంఎస్ పోర్ట్‌లాండ్ యుద్ధనౌక కమాండర్‌ను, 2017లో అణు జలాంతర్గామి హెచ్ఎంఎస్ విజిలెంట్ కెప్టెన్‌ను ఇలాంటి ఆరోపణల నేపథ్యంలోనే బాధ్యతల నుంచి తప్పించారు. మొదటి కేసులో కమాండర్ మహిళ. అక్కడి పత్రికలు మగ కెప్టెన్ కథనూ వదల్లేదు గానీ, ఆమె కథను చప్పరించినంతగా కాదనిపిస్తుంది నాకు.

ఇక మన సంగతి. 2022లో అగ్నిపథ్ పథకం వచ్చేదాకా భారత నావికాదళంలో మహిళలు అధికారులుగానే ఉండేవారు. ఆ పథకంతోనే మహిళా సెయిలర్లు వచ్చారు. ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో శిక్షణ ముగించుకుని తొలి జట్టు 2023 మార్చిలో బయటికి వచ్చింది. వీరికి ఫిర్యాదు చేసే దారి తమ పై అధికారి గదిలోంచే వెళ్తే లాభం లేదు. ఆ దారి నౌక దాటి, ఒడ్డున ఉన్న వేరే అధికారి దాకా పోవాలని నేను కోరతాను. ఈ సభలో నౌకల మీద పనిచేసి వచ్చినవారు ఉన్నారు కదా, మీరు ఒప్పుకోకపోతే ఇప్పుడే వాదించండి.