మా కుక్క జున్నుకి వేసిన ఆరేళ్ల టీకాలు సున్నా! ఎవరి తప్పు?

ఆరు రేబీస్ సూదులండి. ఏడాదికొకటి, ఒక్క ఏడు కూడా తప్పలేదు, పుస్తకం నిండా స్టిక్కర్లు, డాక్టర్ సంతకాలు. జర్మనీ వాళ్ల లెక్కలో అవన్నీ ఎన్ని? సున్నా!

నమస్తే అండి, బరంపురం నుంచి మళ్లీ నేనే, ఈసారి కోపంగానే వచ్చాను. పోయిన వీడియో చూసినోళ్లకి తెలుసు కదా, మా పెద్దమ్మ కొడుకు ఉద్యోగానికి జర్మనీ వెళ్లిపోయాడు, వాళ్ల జున్ను మాత్రం ఇక్కడే వరండాలో ఉండిపోయింది. కింద కామెంట్లలో పెద్ద కొట్లాట. సగం మంది "పెంచుకున్న కుక్కని వదిలేసి పోయాడు, మనిషేనా" అని, మిగతా సగం "కుక్కకి కాయితాలేటి, తెల్లోళ్ల అతి కాకపోతే" అని. ఇద్దరిదీ తప్పే! జున్నుని ఆపింది మా అన్నయ్య మనసూ కాదు, జర్మనీ వాళ్లూ కాదు, ఎయిర్‌లైనూ కాదు. చిప్ కంటే ముందు పడిపోయిన టీకా ఆపింది. ఇది నేను ఈ వీడియోలో పదిసార్లు చెప్తాను, విసుగొచ్చినా వినండి.

మైక్రోచిప్ బియ్యపు గింజంత ఉంటాది. మెడ వెనక చర్మం కింద వేస్తారు, స్కానర్ పెడితే 15 అంకెల నంబరు వస్తాది. ఐఎస్‌ఓ చిప్పే, అంటే అంతర్జాతీయ ప్రమాణం ఉన్న చిప్పే వేయించాలి. యూరప్ రూల్ ఏటంటే ముందు చిప్, ఆ తర్వాతే రేబీస్ టీకా. ఒకే రోజు వేసినా పర్లేదు గాని వరస మారకూడదు. ఎందుకంటే పుస్తకంలో జున్ను అని రాసుంది సరే, ఆ జున్నే ఈ జున్ను అని రుజువేది? నంబరు ఒక్కటే కదా రుజువు. అందుకే చిప్ పడకముందు వేసినవన్నీ కొట్టేసి, చిప్ తర్వాత వేసినదాన్ని మొదటి టీకా కింద లెక్కేస్తారు.

మరి ఆరేళ్లలో ఒక్కరంటే ఒక్కరు మావాళ్లకి "బాబూ, చిప్ ఉందా" అని అడగలేదండి! సూది వేశారు, డబ్బులు తీసుకున్నారు, పంపించేశారు. పైగా మనోళ్లకి చిప్ అంటే షోకు, పెద్ద సిటీలోళ్ల యవ్వారం, లాబ్రడార్లకీ పగ్గులకీ గాని మన దేశీ కుక్కకి ఎందుకు అనుకుంటారు. జున్ను దేశీదేనండి, గేట్ బజార్ దగ్గర వానలో దొరికింది. ఆ మాటకొస్తే విమానం దగ్గర పగ్గుకే కష్టం, ముక్కు చప్పిడి కుక్కలకి ఊపిరి ఆడదని చాలా ఎయిర్‌లైన్లు కార్గోలో ఎక్కించుకోవు. అప్పట్లో హచ్ ఫోన్ యాడ్‌లో పగ్గుని చూసి ఇంటింటా పగ్గుల్ని కొన్నారు, ఈ ముక్క ఎవరైనా చెప్పారా?

ఇంక కుక్క కాయితాలు చేయిస్తానన్న ఆ ఏజెంటు సంగతి. "పదిహేను రోజుల్లో అన్నీ చేసిచ్చేస్తాం సార్" అన్నాడు. పదిహేను రోజులా! లెక్క మీరే వేయండి. టీకా పడ్డాక 30 రోజులు ఆగి గాని రక్తం తీయకూడదు. ఆ రక్తంలో రేబీస్ యాంటీబాడీలు, అంటే రోగాన్ని ఎదిరించే కణికలు, మిల్లీలీటరుకి కనీసం 0.5 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) ఉండాలి, టెస్ట్ కూడా యూరప్ వాళ్లు ఒప్పుకున్న ల్యాబ్‌లోనే చేయించాలి. ఆపైన రక్తం తీసిన రోజు నుంచి 3 నెలలు కూర్చోవాలి. నెల, మూడు నెలలు, మొత్తం నాలుగు. లంచమిచ్చినా మంత్రిగారితో ఫోన్ చేయించినా ఇది తగ్గదు. పదిహేను రోజులని ఎవడైనా అన్నాడంటే అబద్ధమే, అక్కడే లేచి వచ్చేయండి.

అమెరికా అంటారా, 2024 ఆగస్టు 1 నుంచి వాళ్లూ బిగించేశారు. కుక్కకి 6 నెలలు నిండాలి, చిప్ ఉండాలి, మన దేశం వాళ్ల రేబీస్ హై రిస్క్ లిస్టులో ఉంది కాబట్టి ఇక్కడ టీకా వేయించిన కుక్కకి రక్త పరీక్ష లేకపోతే 28 రోజులు క్వారంటైన్, మన ఖర్చుతోనే. అక్కడా అదే మాట, చిప్ ముందు టీకా తర్వాత! ఆస్ట్రేలియాకైతే మన దేశం నుంచి నేరుగా తీసుకెళ్లనే తీసుకెళ్లనివ్వరు. 2015లో జానీ డెప్ అంతటి హాలీవుడ్ హీరో పిస్టల్, బూ అని రెండు బుజ్జి కుక్కల్ని ప్రైవేట్ జెట్‌లో చెప్పకుండా దింపితే, వెనక్కి పంపుతావా చంపేయమంటావా అన్నాడు అక్కడి వ్యవసాయ మంత్రి బార్నబీ జాయిస్. పంపించేశారు. ఇంత పట్టుదల ఎందుకంటే ప్రపంచంలో రేబీస్ చావుల్లో 36 శాతం మన దేశంలోనే అని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తాది. కోపం రావాలంటే ఆ అంకె మీద రావాలి.

2022లో ఉక్రెయిన్ నుంచి మన పిల్లలు కుక్కల్నీ పిల్లుల్నీ చంకనేసుకుని వస్తే మన ప్రభుత్వం ఆ ఒక్కసారికీ రూల్స్ సడలించింది కదా, యూరప్ వాళ్లూ సడలించొచ్చుగా అని ఒకాయన కామెంట్లో రాశారు. అది యుద్ధమండి. ఉద్యోగానికి వెళ్లేవాడికి ఎవరూ సడలించరు.

మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు జిల్లాలోళ్లకి ఇంకో తలనొప్పి ఉంది, పేరు. మా అన్నయ్య వెంకటేష్, పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు. టీకా పుస్తకంలో ఒడియా కాంపౌండర్ రాసింది బెంకటేశ, ఇంటిపేరు చివర! వాళ్ల నోట్లో వ అంటే బ కదా, తప్పేం కాదు, గాని ఆఫీసరు ముందు ఇద్దరు మనుషులైపోతారు. పాస్‌పోర్టు జిరాక్స్ పట్టుకెళ్లి దాన్ని చూసే రాయించుకోండి. కుక్క ప్రయాణానికి హెల్త్ సర్టిఫికెట్ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ క్వారంటైన్ ఆఫీసు ఒడిశాలో లేదు, మనకి కోల్‌కతా అయినా వెళ్లాలి, చెన్నై, హైదరాబాద్ అయినా వెళ్లాలి. సర్టిఫికెట్ ఇచ్చిన 10 రోజుల్లోపు యూరప్‌లో దిగాలి. పేరు తప్పుంటే ఆ పది రోజుల్లో మళ్లీ బరంపురం పరిగెడతారా?

ఒక మంచి మాట కూడా ఉంది, ఇది ఏ ఏజెంటూ చెప్పడు. ఆ రక్త పరీక్ష ఒక్కసారి పాసైతే యూరప్‌కి జీవితాంతం చెల్లుతాది, బూస్టర్ ఒక్క రోజు కూడా లేటు కాకుండా వేయిస్తే. లేటయిందా, మళ్లీ మొదట్నుంచి. అంటే వీసా కోసం ఆగక్కర్లేదు! మీ అబ్బాయో అమ్మాయో జర్మన్ క్లాసులో చేరిన రోజే కుక్కని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి చిప్ వేయించేయండి. నన్నడిగితే విదేశాలకెళ్తూ వదిలేసిన కుక్కల్లో సగానికి పైగా ప్రేమ లేక కాదు, ఈ వరస తెలియకే గేటు బయట పడ్డాయి.

జున్నుకి ఇప్పుడు చిప్ పడింది, తర్వాత టీకా పడింది, రక్తం తీశాం, 0.5 దాటింది. ఇంకా రెండు నెలలు ఆగాలి. కుక్క ప్రయాణానికీ యజమాని ప్రయాణానికీ మధ్య 5 రోజులు మించకూడదు కాబట్టి మా అన్నయ్య సెలవు పెట్టి మళ్లీ రావాలి, వచ్చి కోల్‌కతాకి రైల్లో ఫస్ట్ ఏసీ కూపే మొత్తం బుక్ చేయాలి. అప్పటిదాకా అది సాయంత్రం ఆరయ్యేసరికి గేటు దగ్గరే కూర్చుంటాది, ఏ బైక్ వచ్చినా లేచి నిలబడతాది.

వీడియో ఆపేసి మీ బీరువాలోంచి ఆ టీకా పుస్తకం తీయండి. చిప్ తేదీ, టీకా తేదీ, రెండూ చూసి ఏది ముందుందో కింద రాయండి. చిప్పే లేకపోతే అది కూడా రాయండి.