వెళ్ళిన ఊరికే మళ్ళీ వెళ్ళడం

అందరికీ నమస్కారం. చెన్నైలో చదువుకుంటున్న తెలుగు పిల్లలకు గ్రామీణ సమాజశాస్త్రం గురించి ఏదైనా చెప్పమన్నారు. సిద్ధాంతాలు మీ సిలబస్‌లో ఉన్నాయి, వాటి జోలికి పోను. ఈ మెరీనా ఒడ్డున ఉన్న మద్రాసు విశ్వవిద్యాలయం ఊళ్ళను చదవడం ఎలా మొదలుపెట్టిందో చెబుతాను.

1915 చివర్లో గిల్బర్ట్ స్లేటర్ అనే ఇంగ్లీషు ఆయన ఇక్కడికి ఇండియన్ ఎకనామిక్స్ తొలి ప్రొఫెసర్‌గా వచ్చారు. అంతకుముందు ఆక్స్‌ఫర్డ్‌లో కార్మికుల కోసం పెట్టిన రస్కిన్ కాలేజీకి ప్రిన్సిపాల్. ఇక్కడి కుర్రాళ్ళు ఇంగ్లండు మిల్లుల గురించి గడగడా అప్పజెప్పేవాళ్ళు. సొంత ఊళ్ళో కూలి రేటెంతో మాత్రం పుస్తకాల్లో ఉండేది కాదు. ఆయన వాళ్ళ చేతికి ఒక ప్రశ్నావళి ఇచ్చి, సెలవుల్లో తెలిసిన ఊళ్ళకు వెళ్ళి రాసుకు రమ్మన్నారు. భూమి ఎవరిది, కౌలు ఎంత, పశువులు ఎన్ని, అప్పు ఎవరి దగ్గర, కూలి గింజల్లోనా డబ్బుల్లోనా, ఇలాంటివన్నీ. ఆ సర్వేలతో 1918లో పుస్తకం వచ్చింది. శాఖ పేరుకు ఎకనామిక్సే. చేసిన పని మాత్రం మనం ఇవాళ గ్రామీణ సమాజశాస్త్రం అంటున్నదే.

అయితే ఒక మాట అడగాలి. 1916లో మద్రాసులో కాలేజీ చదువు చదివేది ఎవరి పిల్లలు? ఎక్కువగా భూమి ఉన్న కుటుంబాలవాళ్ళు, పై కులాలవాళ్ళు. అలాంటి అబ్బాయి అరుగు మీద కూర్చుని, వాకిట్లో చేతులు కట్టుకు నిలబడ్డ కూలిని "నీకు అప్పెంత?" అని అడిగితే, ఆ మనిషి ఏం చెబుతాడు? అందుకే ఆ సర్వేల్లో పొలాల లెక్కలు నమ్మినంతగా మనుషుల జవాబులను నేను నమ్మను. ఇలా అన్నంత మాత్రాన స్లేటర్ పని చిన్నదైపోదు. ఆయన లేకపోతే ఆ కాగితాలే లేవు.

ఆ కాగితాలకు అసలు విలువ తర్వాత వచ్చింది. 1936-37లో అదే విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ చెప్పే పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ అవే ఊళ్ళకు మళ్ళీ మనుషుల్ని పంపారు. మధ్యలో ఆర్థిక మాంద్యం వచ్చి ధాన్యం ధరలు కూలిపోయాయి. రైతు అప్పుల పాలయ్యాడు. రెండు లెక్కలు పక్కపక్కన పెట్టుకోగలిగారు గనక ఏది మారిందో చూపించగలిగారు. ఆ పునఃపరిశీలనను విశ్వవిద్యాలయమే 1940లో అచ్చు వేసింది. 1960లలో మార్గరెట్ హాస్వెల్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త ఆ ఊళ్ళకు వెళ్ళారు. 1980ల నాటికి అడయార్‌లోని మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్ వాళ్ళు అందుకున్నారు. ఈ రంగంలో పనిచేసేవాళ్ళు వాటిని ఇప్పటికీ 'స్లేటర్ ఊళ్ళు' అనే అంటారు.

వాటిలో మనకు దగ్గరగా తగిలేది విల్లుపురం వైపున్న ఇరువేల్‌పట్టు. ఊరిని ఏలిన పెద్ద భూస్వామి కుటుంబం రెడ్డియార్లది. ఎప్పుడో తెలుగు నేల నుంచి దిగివచ్చినవాళ్ళు. తమిళనాట పేరు చివర 'యార్' చేరినా, ఇలాంటి చాలా ఇళ్ళలో నిన్నమొన్నటిదాకా తెలుగే. వాళ్ళ పొలాల్లో పడియాళ్ళు, అంటే మన పాలేర్లలాంటి దళితులు, అప్పుకు కట్టుబడి పనిచేసేవారు. 1981లో ఆ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఎస్. గుహన్, అమెరికన్ మానవశాస్త్రవేత్త జోన్ మెంచర్ ఆ ఊరికి వెళ్ళారు. 2008లో జాన్ హారిస్, జెయరంజన్, నాగరాజ్ అనే పరిశోధకులు వెళ్ళారు. అప్పటికి పడియాళ్ళ పద్ధతి పోయింది. దళితులు బయటి పనులకు వెళ్తున్నారు, పెద్దింటి పట్టు సడలింది. తొంభై ఏళ్ళ పైబడ్డ ఆ మార్పు ఒక్కసారి వెళ్ళి చూసినవాళ్ళకు అందదు. వెళ్ళినవాళ్ళు అప్పుడు అలా ఉందనో ఇప్పుడు ఇలా ఉందనో చెప్పగలరు, అంతే.

మన వైపు చూస్తే, హైదరాబాదు దగ్గరి శామీర్‌పేట మీద ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే 1955లో పుస్తకం వేశారు. ఒక్క సమాజశాస్త్రమే కాక వ్యవసాయం, వైద్యం, పశువైద్యం వాళ్ళను కూడా వెంటబెట్టుకు వెళ్ళడం ఆయన తెలివి. ఆ ఊరి దాకా ఇప్పుడు నగరం వచ్చేసింది. అక్కడి పొలం ఇప్పుడు ప్లాటు. పాత పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చూడదగ్గ ఊరు ఇంతకంటే ఏముంటుంది?

ఈ వేసవికి మీలో ఎవరైనా సొంత ఊరు రాద్దామనుకుంటే రెండు పనులు చేయండి. సర్పంచి ఇంటి దగ్గర కాకుండా ఊరి చివరి ఇంటి నుంచి మొదలుపెట్టండి. ఇంటింటి జాబితా, భూమి లెక్క, కూలి రేట్లు తేదీ వేసి శుభ్రంగా రాసి, ఒక నకలు లైబ్రరీకి ఇవ్వండి. పేర్లు మాత్రం మార్చండి. థీసిస్ కాపీ షెల్ఫులో ఉంటుంది, దాని వెనకున్న జాబితాలే రూము ఖాళీ చేసేటప్పుడు చిత్తుకాగితాల్లో పోతాయి. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ఊరికి వెళ్ళే కుర్రాడికి కావలసింది అవే.