16, 17, 18, 20: మన రాయగడ, కోరాపుట్ రోడ్లకి పికప్‌కి ఏ చక్రం బాగుంటుంది?

నమస్కారం అండీ. రాయగడ నుంచి మాట్లాడుతున్నాను.

పోయిన నెల గుణుపూర్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. పికప్ కొన్నాడు, ఇంకా నంబరు ప్లేటు కూడా బిగించలేదు. "అన్నా, కంపెనీ ఇచ్చిన 17 అంగుళాల చక్రాలు తీసేసి 20 అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయిద్దామనుకుంటున్నా. బండి ఆపితే జనం చూడాలి. వేయించనా?" అన్నాడు. వద్దని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ కారణం చూపించకుండా వద్దంటే ఎవరు వింటారు చెప్పండి? కొత్త బండి సరదా అలాంటిది. అందుకని తెలిసినవాళ్లని బతిమాలి నాలుగు బండ్లు పోగేశాను. నాలుగింటికీ నాలుగు సైజుల చక్రాలు. ఒకే రోజు, ఒకే దారి. రాయగడలో బయల్దేరి లక్ష్మీపూర్, కోరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి, సుంకి ఘాట్ దిగి సాలూరు, అక్కడి నుంచి పార్వతీపురం మీదుగా మళ్లీ ఇంటికి. గతుకులు, ఘాట్, మంచి రోడ్డు, మూడూ ఈ చుట్టులో దొరుకుతాయి.

బండ్లు చెబుతాను. నాది పాత ఇసుజు వీ-క్రాస్, 16 అంగుళాల చక్రం, టైరు 245/70. పార్వతీపురం మిత్రుడి టొయోటా హైలక్స్ కింది వేరియంట్, 17 అంగుళాలు, 265/65. మా బావగారిది అదే హైలక్స్‌లో పై వేరియంట్, 18 అంగుళాలు, 265/60. నాలుగోది బయట షాపులో 20 అంగుళాల అల్లాయ్ వేయించుకున్న బండి, టైరు 265/50. ఆ బండి ఎవరిదో, ఏ కంపెనీదో, ఏ షాపులో చేయించారో చెప్పను. ఆయన ఇప్పటికే బాధలో ఉన్నాడు. అయినా మన కోసం బండి ఇచ్చాడు, ఆయనకి చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఇప్పుడు ఇటు రండి, టైరు దగ్గరికి. ఈ అంకెలు చాలామంది చూస్తారు గానీ చదవరు. 265 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. గీత పక్కన ఉన్న 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం టైరు పక్కభాగం ఎత్తు. దీన్నే సైడ్‌వాల్ అంటారు. వీటి తరువాత చివర్లో ఉండే 17 రిమ్ సైజు, అంటే టైరు లోపలి లోహపు చక్రం సైజు, అంగుళాల్లో. లెక్క వేస్తే 17 చక్రానికి సైడ్‌వాల్ 172 మిల్లీమీటర్లు వస్తుంది. 18 చక్రానికి 159. 20 చక్రానికి 132. ఇదిగో స్కేలు పెట్టి చూపిస్తున్నాను. టైరు బయటి అంచు నుంచి రిమ్ అంచు దాకా నా నాలుగు వేళ్లు ఇలా ఆనించండి. 17కి ఇవి పట్టాక పైన ఇంకా చాలా రబ్బరు మిగిలింది. 20 దగ్గరికి వస్తే చూడండి, అందులో రెండు వేళ్ల మందం పోయింది. నాలుగు సెంటీమీటర్లు. ఆ నాలుగు సెంటీమీటర్లలో ఉన్నది రబ్బరు, గాలి. వాటి జాగాలోకి గట్టి లోహం వచ్చి కూర్చుంది.

చాలామంది పొరపడే చోటు ఒకటుంది. 20 వేస్తే బండి ఎత్తు పెరుగుతుందని అనుకుంటారు. పెరగదండీ. 17, 18, 20 మూడింటికీ చక్రం మొత్తం ఎత్తు దాదాపు ఒకటే, 773 నుంచి 776 మిల్లీమీటర్ల మధ్య. లోపలి రిమ్ పెరుగుతుంది, పైన టైరు తగ్గుతుంది, అంతే. నా 16 చక్రం మొత్తం ఎత్తే తక్కువ, 749. దీని సంగతి కాసేపట్లో చెబుతాను, అందులో ఒక విషయం ఉంది.

బయల్దేరే ముందు నాలుగు బండ్లకీ చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకున్నాం. డ్రైవర్ డోరు తీస్తే పక్కన స్టిక్కరు ఉంటుంది, ఖాళీ బండికి ఎంత, లోడుకి ఎంత అని. దాని ప్రకారమే పెట్టాం. గాలి తేడాగా ఉంటే ఈ పరీక్షకి అర్థమే లేదు.

లక్ష్మీపూర్ వైపు వానలకి తారు లేచిపోయిన ముక్కలు కొన్ని ఉన్నాయి. గుంత లోతుగా ఉండదు, అంచు మాత్రం కత్తిలా ఉంటుంది. ముందు 17 బండి పోనిచ్చాను, గంటకి 40లో. గుంత అంచు తగిలినప్పుడు "దబ్" అంది. చప్పుడు వినిపించింది, స్టీరింగ్‌కి రాలేదు. 18లో అదే గుంత, అదే వేగం. చేతికి కొద్దిగా తెలిసింది. పక్కన కూర్చున్న మా బావగారు మాట ఆపలేదు, అంటే పెద్ద ఇబ్బంది లేనట్టే. 20లో "ఠణ్" అంది. ఇనుము మీద సుత్తి పడ్డట్టు. దెబ్బ స్టీరింగ్‌కి, అక్కడి నుంచి మోచేతికి వచ్చింది. నిజం చెబుతున్నాను, రెండో గుంత చూడగానే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. ఆ తరువాత ఆ ముక్క అంతా 20లో పాతికకి మించి నడపలేకపోయాను.

ఎందుకు ఇలా అవుతుంది? గుంత తగిలితే మొదట వంగాల్సింది టైరు. టైరు వంగాక మిగిలిన దెబ్బ స్ప్రింగుకి, షాకర్‌కి పోవాలి. సైడ్‌వాల్ పొట్టిదైతే టైరు వంగడానికి చోటు లేదు, దెబ్బ నేరుగా పైకి వస్తుంది. దీనికి తోడు పెద్ద అల్లాయ్, దాని మీద టైరు కలిపితే సాధారణంగా బరువు కూడా ఎక్కువే. స్ప్రింగు కింద వేలాడే బరువు పెరిగేకొద్దీ షాకర్‌కి దాన్ని అదుపు చేయడం కష్టం. చక్రం పైకి లేచాక మళ్లీ రోడ్డుని అందుకోవడం ఆలస్యమవుతుంది.

పికప్‌కి ఇంకో బాధ. ముందు స్ప్రింగులు వేరు, వెనక మాత్రం కమాన్ కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీల స్ప్రింగులు. అవి లోడు మోయడానికి చేసినవి. ఖాళీగా ఉంటే గట్టిగా ఉంటాయి, వెనక భాగం ఎగురుతుంది. ఇది దాదాపు అన్ని పికప్‌లకీ ఉన్న గుణమే, ఏ ఒక్క కంపెనీ తప్పూ కాదు. ఖాళీ బండిలో కట్టలు సరిగా వంగవు కాబట్టి ఆ పని కూడా టైరే చేయాలి. అలాంటి బండికి టైరే పలచన చేసేస్తే వెనక సీట్లో పిల్లలు, పెద్దవాళ్లు కూర్చోగలరా? మా అమ్మకి నడుం నొప్పి. 20 బండిలో వెనక కూర్చోబెట్టి ఒక కిలోమీటరు తీసుకెళ్లి వెంటనే దింపేశాను. ఆమె నోరు తెరిచి ఏమీ అనలేదు, పైన హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

ఇక నా 16 సంగతి. దీని సైడ్‌వాల్ 171, అంటే 17తో సమానం. మెత్తదనంలో తేడా లేదు. కానీ చక్రం మొత్తం ఎత్తు 27 మిల్లీమీటర్లు తక్కువ కదా, గుంతలోకి కొంచెం ఎక్కువ దిగుతుంది. ఎడ్లబండి చక్రం అంత పెద్దగా ఎందుకు చేసేవారో ఆలోచించండి. పెద్ద చక్రం గుంత మీద నుంచి దొర్లిపోతుంది, చిన్నది అందులో పడుతుంది. టాటా ఏస్‌కి 12 అంగుళాల చక్రం. అది మన సంతల దారుల్లో ఎలా కుదిపేస్తుందో తోలేవాళ్లకి తెలుసు. కాబట్టి మొత్తం చక్రం పెద్దదిగా ఉండటం మంచిదే, రిమ్ పెద్దదిగా ఉండటం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోబట్టే మనవాళ్లు డబ్బులు పోగొట్టుకుంటున్నారు. 17 బండిలో ఎత్తైన చక్రమూ ఉంది, ఎత్తైన సైడ్‌వాలూ ఉంది.

మరి 20కి మంచి గుణమే లేదా అంటే ఉంది. అది చెప్పకపోతే తప్పు. పొట్టంగి దాటాక సుంకి ఘాట్ దిగేటప్పుడు మలుపు మలుపుకీ తేడా తెలిసింది. 17లో స్టీరింగ్ తిప్పితే ముందు టైరు కొంచెం పక్కకి ఒరుగుతుంది, ఆ తరువాత బండి తిరుగుతుంది. రెప్పపాటు ఆలస్యం. 18లో ఆ ఆలస్యం తగ్గింది. 20లో తిప్పడమే ఆలస్యం, ముక్కు తిరిగిపోయింది. నున్నటి రోడ్డు మీద అది నిజంగా బాగుంటుంది. సాలూరు దాటాక మంచి రోడ్డు పడితే 20 బండి తాడు కట్టినట్టు తిన్నగా పోయింది. అయితే ఘాట్‌లో ఒక మలుపు మధ్యలో కంకర లేచి ఉంది. అక్కడ 20 బండి వెనక భాగం టకటకా ఎగిరి పక్కకి జరిగింది. ఎదురుగా లారీ ఉంటే? నాకు చెమట పట్టింది. అదే మలుపులో 17 కొంచెం ఊగింది, గీత మాత్రం వదల్లేదు. ఘాట్‌లో నాకు ఆ రెప్పపాటు చురుకుదనం అక్కర్లేదు, టైరు నేలని వదలకుండా ఉంటే చాలు.

ఇప్పుడు ఆ 20 బండి ఆయన బాధ ఏమిటో చూపిస్తాను. ఈ అల్లాయ్ లోపలి అంచు చూడండి, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. వేయించిన అప్పడం అంచులా ఇక్కడ వంగింది. సబ్బు నురగ రాస్తున్నాను, చూడండి. సన్నగా బుడగలు వస్తున్నాయి. ట్యూబ్‌లెస్ టైరు కదా, రిమ్ వంగిన చోటు నుంచి గాలి పోతోంది. టైరులో పంక్చర్ లేదు, అందుకే మిస్త్రీ రెండుసార్లు వెతికినా దొరకలేదు. ఇటు పక్క టైరుకి గుడ్డు వచ్చింది, అంటే గుడ్డులా ఉబ్బింది. గుంత అంచుకీ రిమ్‌కీ మధ్య సైడ్‌వాల్ నలిగిపోయి లోపలి దారాలు తెగాయి, ఆ చోట గాలి బయటికి తోస్తోంది. గుడ్డు వచ్చిన టైరుని దయచేసి ఒక్క రోజు కూడా నడపకండి. దానికి రిపేరు లేదు.

లోడు విషయం కూడా చెప్పాలి, మనవాళ్లలో చాలామంది పికప్‌లో కుందులి సంత నుంచి అల్లం బస్తాలు వేసుకొస్తారు. టైరు మీద సైజు తరువాత 112 అనో, 107 అనో ఒక అంకె ఉంటుంది. 112 అంటే ఆ టైరు 1120 కిలోలు మోయగలదు. 107 అంటే 975 కిలోలే. ఒక్కో టైరుకి 145 కిలోల తేడా. పెద్ద రిమ్‌కి వేసే కొన్ని టైర్లకి ఈ అంకె తక్కువ ఉంటుంది. షాపువాళ్లు చాలాసార్లు డిజైన్ చూపిస్తారు, ఈ అంకె చూపించరు. మీరే అడగండి, కంపెనీ ఇచ్చిన టైరు అంకె కంటే తగ్గకూడదు.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. వీ-క్రాస్, హైలక్స్ లాంటి వాటిలో ఫోర్ వీల్ వేస్తే ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే వేగంతో తిరగాలి. ముందొక ఎత్తు, వెనకొక ఎత్తు టైర్లు వేస్తే గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. స్టెప్నీ కూడా అదే ఎత్తు ఉండాలి.

ఇక నా తీర్పు. మన రోడ్లకి 17 మొదటిది. 18 రెండోది, కొత్త బండికి కంపెనీ నుంచే 18 వస్తే మార్చాల్సిన పని లేదు, ఉంచుకోండి. 16 ఉన్నవాళ్లు కూడా బాధపడకండి, మెత్తదనంలో మీకు లోటు లేదు. 20 మాత్రం బరంపురంలోనో విశాఖలోనో ఊళ్లో తిరిగే బండికి సరే, లక్ష్మీపూర్ దారిలో తిరిగే బండికి వద్దు.

చక్రం మార్చే ముందు రూపాయి ఖర్చు లేని పని ఒకటి చేయండి. టైరు మీద, రోడ్డుకి ఆనే భాగంలో, ఈ అంచు నుంచి ఆ అంచుకి చాక్‌పీసుతో మందంగా గీత గీయండి. తిన్నటి రోడ్డు మీద కొంచెం దూరం మెల్లగా నడిపి దిగి చూడండి. గీత మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ. అంచుల్లో చెరిగి మధ్యలో మిగిలితే గాలి తక్కువ. అంతటా సమానంగా చెరిగితే సరిపోయింది. బండి కుదుపుతోందని నా దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరికి ఈ గీత మధ్యలోనే చెరిగింది. ఖాళీ బండికి లోడు గాలి కొట్టించి తిరుగుతున్నారు. గాలి తగ్గిస్తే సగం కుదుపు అక్కడే పోయింది.

గుణుపూర్ తమ్ముడూ, ఈ వీడియో నీ కోసమే చేశాను. ఆదివారం వంశధార వంతెన దగ్గరికి 17 బండి తీసుకొస్తాను, ఆ 20 బండి ఆయన కూడా వస్తానన్నారు. రెండూ నువ్వే నడుపు, మీ నాన్నగారిని వెనక కూర్చోబెట్టుకో. చాక్‌పీసు నేను తెస్తాను.