బాల్డర్స్ గేట్ 3లో ఓత్ తప్పని పాలడిన్‌గా ఆడటం ఎలా

హాయ్ అండి, ఇవాళ బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేమ్‌లో నిజంగా మంచోడైన పాలడిన్‌ని, అంటే ఓత్ (ప్రమాణం) చేసి దానికి కట్టుబడి పోరాడే యోధుణ్ణి, ఎలా ఆడాలో చూద్దాం, కవచం వేసుకుని పేరుకి పాలడిన్ కాదు, నిజంగా మంచోడు. క్యారెక్టర్ క్రియేషన్‌లో ఉన్నా, సబ్‌క్లాస్ ఓత్ ఆఫ్ డివోషన్, స్ట్రెంత్ 17, కరిజ్మా 16, ఇదిగో ఇలా, స్కిల్స్‌లో పర్సుయేషన్, అంటే మాటలతో ఒప్పించడం, అది మాత్రం వదలొద్దు, మిగతాది మీ ఇష్టం, నెక్స్ట్.

షిప్ కూలింది, బీచ్ దాటేశాం, ఆ, ఇక్కడ ఆగుదాం. ఇక్కడే ఆగాలి. మన టీమ్‌లో చేరే లేజెల్ పంజరంలో వేలాడుతోంది చూడండి, కింద ఇద్దరు టీఫ్లింగ్స్, అంటే కొమ్ములున్న జాతివాళ్ళు, ఉన్నారు. ఫస్ట్ టైమ్ ఆడినప్పుడు నేను మనవాళ్ళని బంధించారు కదా అని నేరుగా కత్తి దూసేశా, ఓత్ విరిగిపోయింది. చాలా బాధేసింది. తప్పు నాదే, వాళ్ళు శత్రువులు కాదు, భయపడి ఉన్నారంతే, ముందు చెయ్యెత్తింది నేను. కాబట్టి మాట్లాడదాం, పర్సుయేషన్, డైస్ పడింది... వెళ్ళిపోయారు, చూశారా, ఎవరికీ ఒక్క దెబ్బ తగల్లేదు.

అన్నట్టు మాట్లాడే ముందు ఎఫ్5 కొట్టి సేవ్ చెయ్యడం నాకు అలవాటు, ఎఫ్8 కొడితే ఆ సేవ్ లోడ్ అయి వెనక్కి వచ్చేస్తాం, కానీ డైస్ ఓడిపోతే లోడ్ చెయ్యను, ఓత్ విరిగితేనే చేస్తా. విరిగాక క్యాంప్‌లో ఓత్‌బ్రేకర్ నైట్ అనే యోధుడు వస్తాడు, 1000 గోల్డ్ ఇస్తే ఓత్ తిరిగొస్తుంది, నాకది నచ్చదు. ఈ గేమ్‌కి మూలమైన, టేబుల్ మీద ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1978 రూల్స్‌లో పాలడిన్ తెలిసి చెడ్డపని చేస్తే ఇక ఎప్పటికీ పాలడిన్ కాలేడు, ఆ పట్టుదల నాకు ఇష్టం.

ఇంకోటి, కింద ప్యాసివ్స్‌లోకి వెళ్ళి నాన్-లీథల్ అటాక్స్ ఆన్ చెయ్యండి, ఇదిగో ఇది. చంపక్కర్లేని వాళ్ళని స్పృహ తప్పించి వదిలెయ్యొచ్చు. దగ్గర్నుంచి కొట్టే దెబ్బలకే పనిచేస్తుంది, బాణాలకి, స్పెల్స్‌కి పనిచెయ్యదు, ఇంకా మన టీమ్‌లో ఒక్కొక్కరికీ విడివిడిగా ఆన్ చెయ్యాలి, అందుకే ఆఖరి దెబ్బ నేనే వేస్తా. లే ఆన్ హ్యాండ్స్, అంటే చేత్తో తాకి గాయాలు మాన్పే శక్తి, అదైతే ముందు పక్కవాళ్ళకే.

సరే, లెవెల్ 2 అయ్యాం, దెబ్బకి దైవశక్తి జోడించే డివైన్ స్మైట్ వచ్చేసింది, టీఫ్లింగ్స్ తలదాచుకున్న గ్రోవ్ గేట్ దగ్గర గాబ్లిన్స్ దాడికి దిగారు, ఇక్కడ సందేహం అక్కర్లేదు, తలుపు బయట చిక్కుకున్న వాళ్ళకి అడ్డంగా వెళ్ళి నిలబడదాం, పదండి.